నేల మెరవాలి, బతుకు తెల్లారకూడదు

ఇంటి త్రీడీ వాక్‌త్రూ వీడియో రేపు పొద్దున ఇవ్వాలి. ఇప్పుడు రాత్రి పదకొండున్నర. స్క్రీన్ మీద 1500 ఫ్రేముల్లో 212వది నడుస్తోంది. ఒక్కోదానికి పది నిమిషాలు. ఫోన్ పక్కనే ఉన్నా కాలిక్యులేటర్ తీయరు, తీస్తే ఏం కనబడుతుందో మీకు తెలుసు కాబట్టి. పోనీ, వచ్చిన ఫ్రేములైనా కళ్లకద్దుకునేలా ఉన్నాయా? హాల్లో గ్రానైట్ నేల మీద ఎవరో పిడికెడు ఇసుక చల్లినట్టు గింజలు గింజలు!

తప్పు ఎక్కడ జరిగింది? సిస్టమ్ పాతదైపోయిందంటారు చాలామంది. కొత్త గ్రాఫిక్స్ కార్డ్ కోసం ఇంట్లో అప్పుకి రాయబారం కూడా మొదలెడతారు. ఆగండి. నా దగ్గరికి వచ్చిన ఫైళ్లలో ఎక్కువ వాటిలో టైమ్‌ని తినేసింది కార్డ్ కాదు. అక్కర్లేని చోట్ల కూడా పూసేసిన మెరుపు.

నా సంగతే చెబుతాను. చిత్తూరు జిల్లా బంగారుపాళ్యంలో హైవేకి దగ్గరగా ఒక మేడమీద గది, అందులో ఒకే ఒక్క సిస్టమ్. ఓ కల్యాణ మండపం వాక్‌త్రూ ఒప్పుకున్నాను. నిమిషం వీడియో. నేలకి నల్ల గ్రానైట్, స్తంభాలకి గ్రానైట్, స్టేజీ వెనక బంగారు రంగు ప్యానెల్, ఫాల్స్ సీలింగ్‌లో అరవై చిన్న లైట్లు. ఓనరు పెద్దాయన అన్నీ మెరవాలన్నాడు, నేను అన్నీ మెరిపించాను. నేరుగా ఎంపీ4 ఫైల్‌గా వచ్చేట్టు పెట్టి వదిలేశాను. ఎనిమిదో రోజు, 1140వ ఫ్రేమ్ దగ్గర, కరెంటు పోయింది. యూపీఎస్ కాసేపు కీచుకీచుమని అరిచి అదీ ఊరుకుంది. కరెంటు వచ్చాక చూస్తే ఫైల్ తెరుచుకోలేదు.

"ఏం నాయనా, సోమవారం ఇస్తానంటివే, ఇంగా ఎన్నాళ్లు పడతాది?"

"రెండ్రోజుల్లో ఇచ్చేస్తా సామీ."

అది అబద్ధమని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. అప్పుడు నేర్చుకున్నవి కొన్ని, ఆ తర్వాత చేతులు కాల్చుకుని నేర్చుకున్నవి కొన్ని, ఇక్కడ చెబుతున్నాను. నేను బ్లెండర్, వి-రే పేర్లే వాడుతున్నాను. మీ సాఫ్ట్‌వేర్ వేరైనా ఇవే మీటలు వేరే పేర్లతో ఉంటాయి.

1. ముందు లెక్క, తర్వాత మాట

సెకనుకి 25 ఫ్రేములు, 60 సెకన్లు: 1500 ఫ్రేములు. ఫ్రేమ్‌కి పది నిమిషాలైతే 250 గంటలు, అంటే పది రోజుల పది గంటలు. నాలుగు నిమిషాలకి దించితే 100 గంటలు. నిమిషంన్నరకి దించగలిగితే ముప్ఫై ఏడున్నర గంటలు. సిస్టమ్ అర కిలోవాట్ లాగుతుందనుకుంటే 250 గంటలకి 125 యూనిట్లు. ఆ బిల్లు మీ కూలిలోంచే పోతుంది.

ఈ లెక్క ఎప్పుడు వేయాలి? అడ్వాన్స్ తీసుకునే ముందు. మన వైపు తోతాపురి సీజన్లో పల్ప్ ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్లు వరస కడతాయి చూడండి. లోపల యంత్రం రోజుకి ఎన్ని టన్నులు పిండగలదో తెలియకుండా కాయ కోసేసిన రైతు, బండి మీద కాయ మగ్గిపోతుంటే చూస్తూ కూర్చోవాల్సిందే. మీ 1500 ఫ్రేములూ ఆ ట్రాక్టర్లే. గేటు ఎంత వేగంగా తెరుచుకుంటుందో చూసుకున్నాకే కోయండి.

ఒక్క జాగ్రత్త. టెస్ట్ ఫ్రేమ్‌గా మొదటి ఫ్రేమ్‌నే తీసుకోకండి. అందులో సాధారణంగా గేటు, ఆకాశం, రెండు కొబ్బరిచెట్లు ఉంటాయి. రెండు నిమిషాల్లో అయిపోయి మిమ్మల్ని మురిపిస్తుంది. కెమెరా హాల్లోకి దూరి నేల మీదికి వంగే ఫ్రేమ్ ఒకటి ఉంటుంది, దాన్ని తీయండి. మీ అసలు టైమ్ అదే.

2. ఒకసారి రాయిని చూసి రండి

నిజంగానే చెబుతున్నాను. సిస్టమ్ కట్టేసి బండి తీయండి. కుప్పం గ్రీన్ పేరు గ్రానైట్ వ్యాపారంలో అందరికీ తెలుసు. చిత్తూరు జిల్లాలో ఉండి పాలిష్ చేసిన పలక చూడటానికి ఎంతో దూరం పోనక్కర్లేదు. పలక పక్కన నిలబడి తిన్నగా కిందికి చూడండి. రాయి కనిపిస్తుంది: గింజ, చార, రంగు. మీ ముఖం మసక మసకగా ఉంటుందంతే. ఇప్పుడు ఇరవై అడుగులు వెనక్కి వచ్చి, కూర్చుని, పలక మీదుగా ఏటవాలుగా చూడండి. రాయి పోయింది! ఆకాశం, షెడ్డు రేకులు, నిలబెట్టిన లారీ, అన్నీ తలకిందులుగా నేలలో కనిపిస్తాయి.

రాయి ఒకటే. చూసిన కోణం మారింది. గాజు, పాలిష్ రాయి, వార్నిష్ లాంటి వాటి వక్రీభవన గుణకం 1.5 దగ్గర ఉంటుంది. తిన్నగా చూసినప్పుడు అవి తమ మీద పడిన వెలుగులో దాదాపు 4 శాతమే వెనక్కి పంపుతాయి. చూపు నేలకి ఆనినట్టు వాలేకొద్దీ అది 100 శాతం వైపు ఎగబాకుతుంది.

దీంతో మీకేం పని? రెండు పనులున్నాయి. ఒకటి, మెటీరియల్‌లో ఈ కోణం లెక్క చూసే ఫ్రెనెల్‌ని ఆపేసి, రిఫ్లెక్షన్‌ని చేత్తో సగానికి పెంచేసే అలవాటు మానండి. నేల అన్ని కోణాల్లోనూ స్టీలు పళ్లెంలా మెరుస్తుంది, చూసేవాడికి ఎందుకో అబద్ధంలా అనిపిస్తుంది, పైగా ప్రతి పిక్సెల్‌కీ అదనపు కిరణాల ఖర్చు. రెండు, కెమెరాని మోకాలి ఎత్తులో పాకించే షాట్ మీద మోజు తగ్గించుకోండి. అది సినిమాలో బాగుంటుంది. మీ వీడియోలో తెరలో సగం నేల, ఆ నేలంతా అద్దం, ఆ అద్దంలో అరవై లైట్లు! మనిషి కంటి ఎత్తులో, అయిదున్నర అడుగుల దగ్గర, కొంచెం కిందికి వంచి పెట్టండి. దగ్గరి నేల రాయిలా కనిపిస్తుంది, దూరపు నేల అద్దంలా మెరుస్తుంది. ఇంట్లో నడిచే మనిషి చూసేదీ అదే.

ఇంకో సంగతి కూడా చూసి రండి. ఏ పాత గుడిలోనైనా గడప దగ్గరి బండ, జనం కాళ్లు పడి పడి నున్నగా ఉంటుంది, గోడవార బండ గరుకుగా ఉంటుంది. ఒకే రాయిలో రెండు మెరుపులు. రఫ్‌నెస్ మ్యాప్ అంటే అదే. ఆ తేడా కాస్త చూపించారంటే మొత్తం నేలని మెరిపించాల్సిన పని ఉండదు.

3. అసలు దొంగని పట్టుకోండి

అద్దం చవక. వింటే నమ్మబుద్ధి కాదు, కానీ అంతే. నున్నటి అద్దం మీద పడిన కిరణం ఒక్క దారినే పోతుంది, లెక్క ఒక్కసారి. కాస్త మసక మెరుపు ఉన్న చోట, అంటే సెమీ గ్లాసీ చెక్క, బ్రష్డ్ స్టీలు, లెదర్ ఫినిష్ గ్రానైట్ లాంటి వాటి మీద, కిరణాలు విసనకర్రలా విచ్చుకుంటాయి. సాఫ్ట్‌వేర్ చాలా కిరణాలు పంపి సగటు తీయాలి. కొన్నే పంపితే సగటు కుదరదు. ఆ కుదరనితనమే మీకు కనిపించే ఇసుక గింజలు. కిరణాల్ని ఇలా విచ్చుకునేట్టు పంపే పద్ధతిని లూకాస్‌ఫిల్మ్‌లో రాబర్ట్ కుక్, థామస్ పోర్టర్, లోరెన్ కార్పెంటర్ 1984లోనే చెప్పారు. నలభై ఏళ్లు దాటినా ఆ ఖర్చు మాత్రం మన నెత్తినే ఉంది. గింజలు సగానికి తగ్గాలంటే శాంపిల్స్ నాలుగు రెట్లు కావాలి, పావుకి తగ్గాలంటే పదహారు రెట్లు. అందుకే 'శాంపిల్స్ పెంచేద్దాం' అన్న మందు ఇల్లు గుల్ల చేస్తుంది.

మరేం చేయాలి? సీన్‌లోని మెటీరియల్స్ అన్నీ కాగితం మీద రాసి మూడు కుప్పలు పెట్టండి.

మొదటి కుప్ప: నిజంగా నున్నటివి. పాలిష్ గ్రానైట్, మెరుపు విట్రిఫైడ్ టైల్స్, కిటికీ అద్దాలు. వీటి రఫ్‌నెస్ 0.05 లోపలికి దించేయండి. 'కొంచెం మసకగా ఉంటే సహజంగా ఉంటుంది' అని 0.15 పెడతారు చాలామంది. అక్కడే దొంగ దూరేది.

రెండో కుప్ప: మెరవనక్కర్లేనివి. ఎమల్షన్ గోడలు, కర్టెన్లు, పరుపులు, షెల్ఫ్‌లో పుస్తకాలు, దూరంగా ఉన్న కుర్చీలు. డౌన్‌లోడ్ చేసిన ప్రతి సోఫాకీ ఎవరో పుణ్యాత్ముడు గ్లాసీ మెటీరియల్ పెట్టే ఉంటాడు. వి-రేలో ట్రేస్ రిఫ్లెక్షన్స్ టిక్ తీసేస్తే లైట్ తళుకు మాత్రం మిగిలి, రిఫ్లెక్షన్ లెక్క పోతుంది. బ్లెండర్‌లో స్పెక్యులర్‌ని సున్నాకి దించండి. నా మండపం సీన్‌లో నాలుగొందల కుర్చీల సీట్లకీ మసక మెరుపు ఉంది. ఒక్క మెటీరియల్ మార్చాను. పది నిమిషాలు ఆరుకి దిగింది. కుర్చీల్లో తేడా ఉందని ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు.

మూడో కుప్ప: మసకగానే మెరవాల్సినవి. టేకు తలుపు, స్టేజీ ప్యానెల్. ఇవి రెండో మూడో మిగలాలి, పది కాదు. వీటికే మీ శాంపిల్స్ ఖర్చు పెట్టండి.

ఏది ఏ కుప్పలో పెట్టాలో తేలకపోతే? ఈ షాట్ ఏం చెప్పడానికి పెట్టాను అని మిమ్మల్ని మీరే అడగండి. 2017 డిసెంబరులో అమరావతి అసెంబ్లీ డిజైన్ల చర్చ నడుస్తున్నప్పుడు దర్శకుడు రాజమౌళి ఒక చిన్న వీడియో బయటపెట్టారు, గుర్తుందా? సెంట్రల్ హాల్లో తెలుగుతల్లి విగ్రహం మీద సూర్యకిరణాలు పడే ఆలోచన అది. ఆ వీడియో చెప్పాల్సింది ఒక్కటే, వెలుగు ఏ దారిన వచ్చి ఎక్కడ పడుతుందన్నది. అలాంటి షాట్‌లో కుర్చీ చేతుల తళతళ ఎవరికి కావాలి? మీ షాట్ పూజగది తలుపు చూపించడానికైతే తలుపు మూడో కుప్పలో ఉంటుంది, మిగతా గదంతా రెండో కుప్పలోకి పోతుంది. తర్వాతి షాట్‌లో కుప్పలు మారొచ్చు. మారనివ్వండి.

4. లైట్లు, మిణుగురులు

ఫ్రేమ్‌లో అక్కడక్కడా తెల్లటి చుక్కలు మెరిసి మాయమవుతున్నాయా? వాటిని మన వాళ్లు ఫైర్‌ఫ్లైస్ అనే అంటారు, మిణుగురులే. చిన్నగా, బాగా ప్రకాశంగా ఉన్న లైట్ మసక నేలలో ప్రతిఫలించినప్పుడు వస్తాయవి. ఏ కిరణానికో అదృష్టవశాత్తూ లైట్ తగులుతుంది, పక్క పిక్సెల్ కిరణానికి తగలదు.

ఫాల్స్ సీలింగ్‌లో అరవై లైట్లూ, చుట్టూ కోవ్ స్ట్రిప్పూ నిజంగా వెలుగు ఇవ్వాల్సిన పనిలేదు. కనిపించే బల్బు బిళ్లకి తక్కువ వెలుగున్న ఎమిషన్ ఇవ్వండి. గదికి వెలుగు ఇచ్చే పని వాటి కింద పెట్టిన ఒక పెద్ద ఏరియా లైట్‌కి అప్పగించి, అది రిఫ్లెక్షన్లలో కనబడకుండా చేయండి. వి-రేలో అఫెక్ట్ రిఫ్లెక్షన్స్ తీసేయడం, బ్లెండర్‌లో ఆ లైట్ రే విజిబిలిటీలో గ్లాసీ తీసేయడం. నేలలో బిళ్లలు వరసగా కనిపిస్తాయి, మిణుగురులు ఉండవు.

వాక్‌త్రూకి రిఫ్లెక్టివ్, రిఫ్రాక్టివ్ కాస్టిక్స్ రెండూ ఆపేయండి. బ్లెండర్‌లో ఇండైరెక్ట్ క్లాంప్ మామూలుగా 10 ఉంటుంది, మొండి మిణుగురులు మిగిలితే మెల్లగా దించండి. మరీ దించితే గది నీరసపడి, దీపం పెట్టని ఇల్లులా అవుతుంది. గ్లాసీ బౌన్సులు 4 ఉంటాయి, మామూలు ఇంటికి 2 చాలు. కానీ బట్టల షాపు ట్రయల్ రూమ్‌లో ఎదురెదురు అద్దాలుంటే 2తో లోపలి అద్దం నల్లగా అయిపోతుంది. అక్కడ పెంచక తప్పదు.

5. ఒక్క ఫ్రేమ్ చూసి మోసపోకండి

ఇది నేను ఎక్కువసార్లు చేసిన తప్పు, అందుకే కాస్త నిదానంగా చెబుతాను. డీనాయిజర్ పెడితే తక్కువ శాంపిల్స్‌తోనే ఫ్రేమ్ నున్నగా వస్తుంది. పొంగిపోతాం. రాత్రంతా రెండర్ చేసి పొద్దున ప్లే చేస్తే నేల మీద రిఫ్లెక్షన్ పాలు పొంగుతున్నట్టు కుతకుతలాడుతుంది. ఎందుకు? డీనాయిజర్ ప్రతి ఫ్రేమ్‌నీ విడిగా చూసి, లేని వివరాన్ని ఊహించి పూస్తుంది. ఈ ఫ్రేమ్‌లో ఒక ఊహ, తర్వాతి ఫ్రేమ్‌లో ఇంకో ఊహ. నిలిచిన బొమ్మలో దొరకని ఆ తేడా కదిలినప్పుడు బయటపడుతుంది.

కాబట్టి టెస్ట్ అంటే ఒక ఫ్రేమ్ కాదు. వరసగా 50 ఫ్రేములు, రెండు సెకన్లు. నేల బాగా కనబడే చోటు నుంచి తీసి, లూప్‌లో పెట్టి, టీ తాగుతూ పది సార్లు చూడండి. బ్లెండర్‌లో నాయిస్ థ్రెషోల్డ్ 0.01 నుంచి మొదలుపెట్టి 0.02, 0.03 అని పెంచుతూ పోండి. కుతకుత ఎక్కడ మొదలైతే అక్కడి నుంచి ఒక మెట్టు వెనక్కి రండి. మీ సీన్‌కి అదే అంకె. నా అంకె మీకు పనికిరాదు, యూట్యూబ్‌లో చెప్పినాయన అంకె అసలే పనికిరాదు. డీనాయిజర్‌కి ఆల్బిడో, నార్మల్ పాస్‌లు అందేట్టు చూడండి. టైల్స్ గీతలు చెరిగిపోకుండా ఉంటాయి.

సీడ్ సంగతి చాలామంది పట్టించుకోరు. అన్ని ఫ్రేములకీ ఒకే సీడ్ ఉంటే గింజలు కదలకుండా నిలిచి, మురికి పట్టిన అద్దంలోంచి చూస్తున్నట్టు ఉంటుంది. మారుతూ ఉంటే బుసబుసలాడుతుంది. ఏది తక్కువ చెడుగా ఉందో ఆ రెండు సెకన్ల టెస్టే చెబుతుంది.

6. ఫ్రేములుగానే దాచుకోండి

ఎంపీ4 వద్దు, ఎప్పటికీ వద్దు. పీఎన్‌జీ గానీ ఈఎక్స్ఆర్ గానీ, ఒక్కో ఫ్రేమ్ ఒక్కో ఫైల్. కరెంటు పోతే పోయేది ఒక్క ఫ్రేమే. బ్లెండర్‌లో ఓవర్‌రైట్ తీసేసి, ప్లేస్‌హోల్డర్స్ పెట్టండి. ఆగిన చోటి నుంచి మొదలవుతుంది. ఆగినప్పుడు సగంలో మిగిలిన ఖాళీ ఫైల్ ఒకటి ఉంటుంది, దాన్ని మాత్రం చెరిపేయండి. ఇంకో లాభం కూడా ఉంది. తమ్ముడి ల్యాప్‌టాప్‌ని అదే నెట్‌వర్క్ ఫోల్డర్‌కి కలిపితే రెండూ చెరో ఫ్రేమ్ పట్టుకుని పోతాయి. బ్లెండర్‌లో పర్సిస్టెంట్ డేటా కూడా పెట్టుకోండి. ప్రతి ఫ్రేమ్‌కీ సీన్‌ని మళ్లీ మొదటి నుంచి మెమరీలోకి ఎక్కించే తంటా తగ్గుతుంది, మెమరీ మాత్రం కాస్త ఎక్కువ పడుతుంది.

గ్లాసీ పాస్‌ని ఈఎక్స్ఆర్‌లో విడిగా తీసుకోండి. 'నేల ఇంకొంచెం మెరవాల' అనే ఫోన్ ఖాయంగా వస్తుంది. అప్పుడు 1500 ఫ్రేములు మళ్లీ తీస్తారా? కంపోజిటింగ్‌లో ఆ ఒక్క పాస్‌ని కొద్దిగా పెంచి, అరగంటలో పంపేయండి. అరగంటలో చేశానని మాత్రం చెప్పకండి.

7. కదలనిదాన్ని మళ్లీ మళ్లీ తీయకండి

నిమిషం వీడియోలో కెమెరా నిమిషమంతా తిరగాలని ఎవరన్నారు? అయిదారు సెకన్ల షాట్లు పదో పన్నెండో చేసి, వాటిలో మూడు నాలుగింటిలో కెమెరాని కదపకుండా ఉంచండి. కదలని షాట్‌లో తిరిగేది సీలింగ్ ఫ్యాన్ ఒక్కటే అయితే పూర్తి ఫ్రేమ్ ఒకటి తీసి, మిగతా వాటిలో ఫ్యాన్ ఉన్న చదరాన్ని రీజియన్ పెట్టి తీస్తే చాలు. తొలిసారి ఇలా చేసి నేను తెగ సంబరపడ్డాను. పైన ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది, కింద గ్రానైట్‌లో దాని ప్రతిబింబం మాత్రం కదలకుండా ఉంది! ఫ్యాన్‌తో పాటు నేలలోని ఫ్యాన్‌కి కూడా చదరం గీయాలని అప్పుడు తెలిసింది.

8. అసలు ఇదంతా అవసరమా?

అడగాల్సిన ప్రశ్నే. లూమియన్, ట్విన్‌మోషన్, డీ5, బ్లెండర్‌లోని ఈవీ లాంటివి ఫ్రేమ్‌ని సెకన్లలో ఇస్తాయి. కానీ స్క్రీన్ స్పేస్ పద్ధతిలో ఉన్నప్పుడు తెరలో కనబడనిది నేలలోనూ కనబడదు. కెమెరా వంగుతుంటే స్తంభం ప్రతిబింబం అంచు దగ్గర ఊడిపోతుంది. చదునైన నేలకి రిఫ్లెక్షన్ ప్లేన్ పెడితే ఆ బాధ చాలావరకు తీరుతుంది. మన ఊళ్లలో డబుల్ బెడ్‌రూమ్ ఇంటికి, ఇచ్చే డబ్బుకి, ఇవి చాలు. ఈ మాట అంటే నాతో గొడవపడే మిత్రులున్నారు. బెంగళూరు బిల్డర్ హోర్డింగ్ కోసం అడిగితే బ్లెండర్‌లోని సైకిల్స్, వి-రే బయటికి తీయండి. హైవే మీద మూడు గంటల దూరమే అయినా అక్కడి కళ్లు వేరు, చెక్కు కూడా వేరు.

ఇంతకీ ఆ మండపం ఏమైందంటారా? కుర్చీల మెరుపు తీశాను, లైట్లు మార్చాను, నిమిషం వీడియోని నలభై సెకన్లకి కోసి పది షాట్లు చేశాను. వెయ్యి ఫ్రేములు, ఒక్కోటి రెండున్నర నిమిషాలు, అంటే నలభై రెండు గంటల పని. మళ్లీ రెండుసార్లు కరెంటు పోయింది, రెండు ఫ్రేములు పోయాయి. పెద్దాయన గదికి వచ్చి, కళ్లజోడు తుడుచుకుని, మొత్తం వీడియో రెండుసార్లు చూశాడు. నేలలో స్తంభాల ప్రతిబింబం మీద ఏమైనా అంటాడేమోనని నేను ఊపిరి బిగబట్టుకుని ఉన్నాను.

"అంతా బాగుండాది నాయనా. భోజనాల హాలు పక్కన చేతులు కడుక్కునే కొళాయిలు యాడ?"

పెట్టలేదు. ఆ షాట్ మళ్లీ తీశాను. 110 ఫ్రేములు, నాలుగున్నర గంటలు. కొళాయిలకి క్రోమ్, రఫ్‌నెస్ 0.02.